కోఠి గుజరాతీ గల్లీలో చిన్న కొట్టు, పెద్ద సాయం

మా అబ్బాయి హెచ్‌ఓ సైజు బొమ్మ రైలు లేఅవుట్‌లో పట్టాలు మార్చే మోటార్లు నాలుగు. మామూలు లైటు స్విచ్ పెట్టాను. కమురు వాసన వచ్చి ఒక మోటార్‌లోని కాయిల్ (తీగచుట్ట) పోయింది. తప్పు నాదే.

కాలినదాన్ని పట్టుకుని గుజరాతీ గల్లీలోని ఈ ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టుకెళ్తే, పెద్దాయన మీటర్ పెట్టి చూసి, "బాబూ, దీనికి ఒక్క క్షణం కరెంటు చాలు. కరెంటు ఆపకుండా ఇస్తే కాలక ఏం చేస్తుంది? కాలింగ్ బెల్ బటన్ పెట్టు" అన్నారు. 4700 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటర్ (కరెంటు నింపి ఉంచుకునేది), కరెంటును ఒకే దిక్కుకు పంపే డయోడ్ ఒకటి, 100 ఓమ్‌ల రెసిస్టర్ ఇచ్చి, బిల్లు వెనకే సర్క్యూట్ గీశారు. 16 వోల్టుల ఏసీతో కెపాసిటర్ నిండుతుంది, బటన్ నొక్కగానే అంతా ఒక్కసారిగా కాయిల్‌లోకి వెళ్తుంది. వేలు తీయడం మరిచినా కాయిల్ కాలకుండా రెసిస్టర్ కరెంటుకు అడ్డుపడుతుంది. మళ్ళీ నిండడానికి ఒకటి రెండు క్షణాలు ఆగాలి, మా వాడికి ఆ ఓపిక లేదు!

సామానంతా 150 రూపాయల్లోపే. పార్కింగ్ మాత్రం అడగొద్దు, బస్సులో వెళ్ళండి. మోటార్లు అక్కడ దొరకవు. మూడు రంగుల వైరు అడిగితే మీటర్లలెక్కన కోసిచ్చారు, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే కామన్ వైరుకి నలుపు. మిగిలిన మూడూ ఇప్పుడు టకటకా మారుతున్నాయి.