గేముల మీద పీహెచ్‌డీ: తిరుపతిలోనా, హైదరాబాద్‌లోనా, బయటి దేశంలోనా?

నాకు తిరుపతిలో పీహెచ్‌డీ సీటు ఖాయమైందని తెలిసినప్పటి నుంచి జూనియర్లు అడిగేది ఒకటే. "అక్కా, వీడియో గేముల మీద, మీమ్స్ మీద పీహెచ్‌డీ చేయాలంటే యాడ మేలు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్తుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా. ఇది గేములు తయారుచేసేవాళ్ళకు కాదు. దానికి బెంగళూరు ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో డిజిటల్ గేమ్ డిజైన్ పీజీ లాంటివి ఉన్నాయి, ఆ దారి వేరు. ఆడే మనుషుల గురించీ, వాళ్ళ భాష గురించీ, గేములు చెప్పే కథల గురించీ రాయాలనుకునేవాళ్ళ కోసమే ఇది.

ముందు బయటి దేశాల సంగతి, ఎందుకంటే అందరి మనసూ అటే ఉంటుంది, నాదీ రెండేళ్ళు అటే ఉంది. కోపెన్‌హాగెన్ ఐటీ యూనివర్సిటీలో గేముల పరిశోధనకు ప్రత్యేక కేంద్రం ఉంది, అక్కడ చాలాకాలం పనిచేసిన ఎస్పెన్ ఆర్సెత్ 2001లో మొదలుపెట్టిన 'గేమ్ స్టడీస్' అనే పరిశోధన పత్రికతోనే ఈ చదువుకు ఒక పేరూ రూపూ వచ్చాయి. ఫిన్లాండ్‌లో టాంపెరే, కెనడాలో మాంట్రియల్ కాన్‌కార్డియా యూనివర్సిటీలు కూడా అంతటివే. డెన్మార్క్‌లో పీహెచ్‌డీ అంటే మామూలుగా మూడేళ్ళ ఉద్యోగం, నెలనెలా జీతం వస్తుంది. "గేముల మీదా?" అని అక్కడ ఎవరూ కనుబొమ్మలెత్తరు. ఆ ఒక్క నిశ్చింత కోసమే పోవచ్చు అనిపిస్తుంది, అందులో తప్పు లేదు.

మరి నేనెందుకు పోలేదు? నా లెక్కలో అన్నిటికంటే బరువైనది ఒకటుంది. మనం చదవబోయే మనుషులు ఎక్కడున్నారు?

2022 జూలైలో బీజీఎంఐని, అంటే పబ్జీకి మన దేశం కోసం తెచ్చిన రూపాన్ని, ప్లే స్టోర్ నుంచి, యాప్ స్టోర్ నుంచి తీసేశారు. మళ్ళీ 2023 మేలో గానీ రాలేదు. ఆ పది నెలలూ తిరుపతిలో మా కొర్లగుంటలో పక్క రూముల పిల్లలు ఏం చేశారో నేను కళ్ళారా చూశాను. కొందరు వేరే గేముకు మారారు, కొందరు ఫోనులో ముందే ఉన్న దాన్నే ఎలాగోలా నడిపించారు, ఇద్దరైతే పూర్తిగా మానేసి క్రికెట్‌కు పోయారు, నాలుగేళ్ళుగా కలిసి ఆడిన స్క్వాడ్ చెదిరిపోయింది. నేను కోపెన్‌హాగెన్‌లో కూర్చుని ఉంటే నాకు దొరికేది నిషేధం వార్త ఒక్కటే. పుస్తకం అయితే లైబ్రరీలో అలాగే ఉంటుంది, పదేళ్ళ తర్వాత తీసినా అదే పేజీ. ఆన్‌లైన్ గేము అలా కాదు, సర్వర్ ఆపేస్తే ఉండదు, చట్టం మారితే ఉండదు. 2025లో వచ్చిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు దేశమంతా ఇదే జరిగింది. అప్పుడు పక్కన ఉన్నవాళ్ళకే విషయం దొరుకుతుంది. సిద్ధాంతం మాత్రం మన దగ్గరికి వస్తుంది. నేను చెప్పిన ఆ పత్రిక మొదటి సంచిక నుంచీ నెట్‌లో ఉచితమే, గేముల పరిశోధకుల అంతర్జాతీయ సంఘం డిగ్రా సమావేశాల పేపర్లు కూడా చాలావరకు ఉచితమే.

నా టాపిక్ కూడా ఇక్కడే పుట్టింది. మన తిరుపతి గంగజాతర తెలిసిందే కదా, ఒక్కోరోజు ఒక్కో వేషం, వేషం కట్టినవాడు బూతులు తిట్టినా అది ఆచారమే, ఎవరూ తప్పుపట్టరు. జాతర అయ్యాక అదే కుర్రాడు రాత్రి గేములో ఇంకో పేరు పెట్టుకుని, ఇంకో ఒంటితో దిగి, మైకులో ఇంట్లో ఎప్పుడూ అనని మాటలు అంటాడు. జాతరలో ఆ మాటకు ఒక హద్దు ఉంది, వేషం తీసేశాక అది ఆగిపోతుంది. గేములో ఆ హద్దు ఎవరు గీస్తున్నారు? అమ్మాయి గొంతు వినపడగానే ఏం మారుతోంది? నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఇదే. ఆ తిట్లలో చిత్తూరు యాసలోవి, అరవం కలిసినవి, హైదరాబాద్ నుంచి వచ్చినవి వేరువేరుగా పట్టుకోవాలంటే ఈ ఊళ్ళో పెరిగిన చెవి కావాలి.

హైదరాబాద్‌కు వద్దాం. సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగం ఉంది, ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో కల్చరల్ స్టడీస్ ఉంది. అక్కడ ప్రధానంగా దొరికేది తోడు. సినిమా మీద, యూట్యూబ్ మీద, ఫోన్ల మీద పనిచేసే పదిమంది చుట్టూ ఉంటారు, మన చాప్టర్ చదివి మొహమాటం లేకుండా ఇది నిలవదు అని చెప్తారు. ఇది చిన్న విషయం కాదు, తిరుపతిలో నాకున్న పెద్ద లోటు ఇదే. డబ్బు కోసమే హైదరాబాద్ అనుకునేవాళ్ళు మాత్రం ఒకటి గమనించండి. యూజీసీ నెట్ పరీక్షలో బాగా రాసినవాళ్ళకు ఇచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్‌లో 42,000, ఇది యూనివర్సిటీని బట్టి మారదు. తిరుపతి ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ)లో చేరినా అంతే. జేఆర్ఎఫ్ లేకపోతే తేడా ఉంటుంది, సెంట్రల్‌లో నాన్-నెట్ ఫెలోషిప్ 8,000 ఇస్తారు. అయితే హాస్టల్, తిండి, పుస్తకాలు అన్నీ దాంతో గడవడం కష్టం.

ఇక తిరుపతి. ఎస్వీయూ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, ఏర్పేడు దగ్గర ఐఐటీ, అటు కుప్పంలో ద్రవిడ యూనివర్సిటీ. ఇక్కడ కష్టం ఎక్కడంటే, టాపిక్‌ను టాపిక్‌గా ఒప్పించడంలో. నేను మొదట వెళ్ళిన ఒక ఇంటర్వ్యూలో, అది ఎక్కడో చెప్పను, "ఆడుకునేదానికి డాక్టరేటా అమ్మా?" అన్నారు. సీటు రాలేదు, వారం రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. రెండోచోట గేము అనే మాటతో మొదలుపెట్టలేదు, జాతర వేషంతో మొదలుపెట్టాను. అరగంట విన్నారు, తిరిగి ప్రశ్నలడిగారు. గేముల మీద పనిచేసిన గైడు ఇక్కడ దొరక్కపోయినా దారి ఉంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం అనుమతి తీసుకుని బయటి సంస్థ నుంచి కో-గైడును పెట్టుకోవచ్చు. కోల్‌కతాలో సౌవిక్ ముఖర్జీ లాంటివాళ్ళు మన దేశం నుంచే ఈ చదువును చాలాదూరం తీసుకెళ్ళారు, డిగ్రాకు ఇండియా విభాగం కూడా ఉంది, ముందు వాళ్ళ పేపర్లు చదివి మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నవాళ్ళకు మెయిల్ రాయండి. మరొకటి, ఒక ప్రొఫెసర్ కింద ఎనిమిది మంది, అసోసియేట్ కింద ఆరుగురు, అసిస్టెంట్ కింద నలుగురు, అంతకుమించి తీసుకోకూడదు. కాబట్టి మీకు నచ్చిన గైడు దగ్గర ఖాళీ ఉందో లేదో ముందే కనుక్కోండి.

యూజీసీ నెట్ పరీక్షలో గేమ్ స్టడీస్ అనే సబ్జెక్టు లేదు. ఇంగ్లీషో, జర్నలిజమో, సోషియాలజీనో, తెలుగో రాయాలి. రేపు లెక్చరర్ పోస్టుకు చూసేది కూడా ఆ సబ్జెక్టునే, కాబట్టి పీజీ దేంట్లో చేశారో ఆ విభాగంలోనే చేరడం నయం. ఉద్యోగం చేస్తున్నవాళ్ళకు, పనిచేసే చోటు నుంచి అభ్యంతరం లేదని ఎన్ఓసీ తెచ్చుకుంటే, పార్ట్ టైమ్ ఉంది. దూరవిద్యలో పీహెచ్‌డీ చెల్లదు, ఎవరైనా ఇప్పిస్తామంటే నమ్మకండి. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు చూసి, గైడు రాసిన పేపర్లు రెండు చదివి, తర్వాత ఆలోచించండి.

మొన్న పుత్తూరు నుంచి ఒక అమ్మాయి అడిగింది, తనకు పాత కన్సోళ్ళ చరిత్ర కావాలట, 80లలో వాటిని ఎవరు ఎలా తయారుచేశారన్నది. తనకు నేను తిరుపతి అని చెప్పలేదు. టాంపెరేలో 2017లో తెరిచిన గేముల మ్యూజియం ఉంది, తను తాకి చూడాల్సిన యంత్రాలు అలాంటి చోటే దొరుకుతాయి. బయటి దేశం పోవడానికి రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు ఇప్పటి నుంచే చదవమన్నాను.