సొంత క్లబ్బా, మగవాళ్ళ క్లబ్బుకు అనుబంధమా: ఆడవాళ్ళకు ఏది మేలు చేసింది?

మన ఊళ్ళలో ఇన్నర్ వీల్ అనే ఆడవాళ్ళ క్లబ్బు బోర్డు చూసినప్పుడల్లా నాకొక సందేహం. సేవా పనులు చేసే రోటరీ క్లబ్బు ఉండగా ఇదెందుకు? జవాబు తేలికే. 1924లో మాంచెస్టర్‌లో మార్గరెట్ గోల్డింగ్ దీన్ని మొదలుపెట్టినప్పుడు రోటరీలో ఆడవాళ్ళకు సభ్యత్వం లేదు. 1989 దాకా లేదు. కాబట్టి రోటేరియన్ల ఇంటి ఆడవాళ్ళు పక్కనే తమ చాప పరుచుకున్నారు.

అలా మగవాళ్ళ పక్కన చాప పరుచుకోవడం మేలా, వేరే కొంప పెట్టుకోవడం మేలా? రెండు దారులూ బాగా పండింది అమెరికాలో. అక్కడికే వెళ్దాం.

ముందు అనుబంధాలు. ఆడ్ ఫెలోస్ అనే మగవాళ్ళ సోదర సంఘం 1851లో ఆడవాళ్ళ కోసం 'రెబెకా డిగ్రీ' అనే హోదా పెట్టింది. దాన్ని రాసిన స్కైలర్ కోల్‌ఫాక్స్ తర్వాత ఆ దేశ ఉపాధ్యక్షుడయ్యాడు. మొదట్లో అది బిరుదు లాంటిదే. సొంత లాడ్జిలు, అంటే శాఖలు, నడిచింది తర్వాతే. ఫ్రీమేసన్లు అనే ఇంకో సోదర సంఘానికి అనుబంధమైన 'ఈస్టర్న్ స్టార్'లో చేరాలంటే పాత నియమం ప్రకారం మేసన్ భార్యో, కూతురో, తల్లో, చెల్లో, వితంతువో అయ్యుండాలి. పైగా శాఖకు పేట్రన్‌గా, అంటే పెద్దదిక్కుగా, ఒక మేసన్ ఉండి తీరాలి. అంటే ఇంటిపేరే టికెట్టు. అలాగని తీసిపారేయలేం. రోగుల్ని చూడటం, అనాథలకూ ముసలివాళ్ళకూ ఆశ్రమాలు నడపడం లాంటి గట్టి పనులు ఈ సంఘాల్లో జరిగాయి.

సొంత క్లబ్బు కథ కోపంతో మొదలైంది. 1868లో న్యూయార్క్ ప్రెస్ క్లబ్ ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్‌కు డెల్మోనికోస్ అనే హోటల్లో విందు ఇచ్చింది. పత్రికల్లో రాసి బతికే జేన్ కన్నింగ్‌హామ్ క్రోలీ టికెట్ అడిగితే ముందు కుదరదన్నారు. చివర్లో, తెర వెనక కూర్చునేట్టయితే రావచ్చన్నారు. ఆవిడ వెళ్ళలేదు. ఆ ఏడే 'సొరోసిస్' పేరుతో ఆడవాళ్ళ క్లబ్బు పెట్టి, అదే డెల్మోనికోస్‌లో సమావేశాలు జరిపించింది. సొరోసిస్ అంటే ఎన్నో పూలు కలిసి ఒకే కాయ కావడం. మన పనస అలాంటిదే. పేరు పెట్టడంలో తెలివుంది. 1890లో ఆ క్లబ్బు చొరవతోనే దేశంలోని ఎన్నో మహిళా క్లబ్బులు ఒక సమాఖ్యగా చేరాయి. మన దగ్గర 1902లో మచిలీపట్నంలో భండారు అచ్చమాంబ మొదలుపెట్టిన బృందావన స్త్రీ సమాజానిదీ ఈ దారే.

చదువుకీ, నోరు విప్పడానికీ సొంత క్లబ్బును మించింది లేదనే నా నమ్మకం. కానీ దానికీ మచ్చ ఉంది. 1900లో మిల్వాకీలో ఆ సమాఖ్య మహాసభకు జోసెఫిన్ సెయింట్ పియర్ రఫిన్ వెళ్తే, ఆవిడ తరఫు నల్లజాతి మహిళల క్లబ్బును గుర్తించడానికి సమాఖ్యవాళ్ళు ఒప్పుకోలేదు. మగవాళ్ళ తెరను తప్పించుకున్నవాళ్ళే ఇంకొకరికి తెర కట్టారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మూడో రకం. మిషిగన్‌లో బైనా వెస్ట్ అనే బడి పంతులమ్మ ఉండేది. కాన్పుల భయంతో బీమా కంపెనీలు ఆడవాళ్ళకు పాలసీ ఇవ్వడానికి వెనకాడే రోజులవి. తల్లి పోతే ఇల్లు చెల్లాచెదురవుతుందని ఆవిడకు తెలుసు. మకబీస్ అనే మగవాళ్ళ సంఘం పేరు పెట్టుకుని, 1892లో పోర్ట్ హ్యూరాన్‌లో ఆడవాళ్ళ కోసం ఆడవాళ్ళే నడిపే జీవిత బీమా మొదలుపెట్టింది. శాఖల్ని 'తేనెపట్లు' అనేవాళ్ళు. పేరుకు అనుబంధం, గల్లాపెట్టె మాత్రం ఆడవాళ్ళదే. తర్వాత ఆ మగ సంఘం పేరూ వదిలేశారు.

అందుకే ఒక్కటే ఎంచుకోమంటే, డబ్బు తన చేతిలో ఉన్న అనుబంధం వైపు మొగ్గుతాను. తర్వాత సొంత క్లబ్బు. మగ పేట్రన్ తప్పనిసరి అన్నచోటు ఆఖరు. రోటరీ తలుపులు తెరిచి ముప్పై ఏళ్ళు దాటినా ఇన్నర్ వీల్ మూతపడలేదు. తమ కుర్చీ తమకున్నవాళ్ళు పక్కింట్లో కొత్త సభ్యులుగా వరసలో ఎందుకు నిలబడతారు?