టామ్ జాన్సన్ నగరంలో మూడు రోజులు

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ అనగానే మనవాళ్లకు త్యాగరాజ ఆరాధనోత్సవాలే గుర్తొస్తాయి. 1978 నుంచి ఏటా ఈస్టర్ రోజుల్లో జరిగే ఆ ఉత్సవాలకే మేమూ వెళ్లాము. కచేరీలు ముగిశాక మాత్రం మరో మూడు రోజులు ఆగి, 1901 నుంచి 1909 వరకు నాలుగుసార్లు ఎన్నికై ఆ నగరాన్ని పాలించిన మేయర్ టామ్ ఎల్. జాన్సన్ ఆనవాళ్లను చూడాలని ముందే నిర్ణయించుకున్నాము.

విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డుకు రెడ్ లైన్ రైలు నేరుగా వెళుతుంది. 1968లో మొదలైన ఈ మార్గం అమెరికాలో విమానాశ్రయాన్ని నగర కేంద్రంతో కలిపిన తొలి మెట్రో మార్గాల్లో ఒకటి. టాక్సీ కంటే ఎంతో చవక, పెట్టెలతో ఎక్కడానికీ ఇబ్బంది లేదు. రాత్రి పూట మాత్రం రైళ్ల మధ్య విరామం ఎక్కువ. జాన్సన్ జీవితమంతా ఈ ప్రయాణ ఛార్జీ చుట్టూనే తిరిగింది కాబట్టి, టికెట్ కొంటున్నప్పుడే ఆయన గుర్తుకొచ్చారు. 1854లో కెంటకీలో పుట్టి, చిన్న వయసులోనే ట్రాం కంపెనీలో పనికి చేరి, ప్రయాణికులు వేసిన నాణేలు బయటికి కనిపించే ఛార్జీల పెట్టెను రూపొందించి, తర్వాత ట్రాం మార్గాలతోనూ ఉక్కు పరిశ్రమతోనూ కోట్లు గడించిన మనిషి ఆయన. భూమి విలువ మీద పన్ను వేయాలన్న అమెరికన్ ఆర్థిక చింతకుడు హెన్రీ జార్జ్ రచనలు చదివాక ఆలోచన మారి, తనను ధనవంతుణ్ణి చేసిన ఆ గుత్తాధిపత్యాల మీదే పోరాటానికి దిగారు. అయిదు సెంట్ల ఛార్జీని మూడు సెంట్లకు దించాలనీ, చివరకు ట్రాం వ్యవస్థ నగరానికే సొంతం కావాలనీ ఆయన పట్టు. నగరాలు ట్రాం మార్గాలను సొంతం చేసుకోవడానికి ఒహాయో చట్టం అప్పట్లో ఒప్పుకోలేదు. 1908లో మూడు సెంట్ల ఏర్పాటు కొన్నాళ్లు నడిచినా, కార్మికుల సమ్మె, ఖర్చుల ఒత్తిడి కలిసి వచ్చి, ఆ ఏడాది ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లే దాన్ని తిరస్కరించారు. మరుసటి ఏడాది ఆయనే ఓడిపోయారు. ఆయన కోరిన నగర యాజమాన్యం 1942లో గానీ రాలేదు.

మొదటి రాత్రి నగరం నడిబొడ్డున ఉన్న కూడలి పబ్లిక్ స్క్వేర్ దగ్గరి హోటల్లో దిగాము. గది శుభ్రంగా ఉంది, అన్నిటికీ దగ్గర. అయితే మాతో కలిసిన బంధువుల కారుకు పార్కింగ్ రుసుము విడిగా కట్టాలన్న సంగతి గది తీసుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు, బిల్లులో చూశాకే తెలిసింది. మిగతా రాత్రులకు ఒహాయో సిటీ పేటలో వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాము. పిల్లలతో వెళ్లేవారికి నా సలహా కూడా అదే.

పబ్లిక్ స్క్వేర్‌లో జాన్సన్ కంచు విగ్రహం ఉంది. 1916లో ప్రతిష్ఠించిన ఈ విగ్రహంలో ఆయన కుర్చీలో కూర్చుని, చేతిలో హెన్రీ జార్జ్ పుస్తకం 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ' పట్టుకుని కనిపిస్తారు. దగ్గరలోని పచ్చికలో పిల్లలు ఆడుకుంటున్నారు. నగర పార్కుల్లో గడ్డి మీద నడవరాదన్న బోర్డులను తీయించినది ఆయనే అని తెలిసి చూస్తే, ఆ దృశ్యం ముందు చాలాసేపు నిలబడాలనిపిస్తుంది.

అక్కడికి నడక దూరంలోనే 'మాల్' అనే బహిరంగ ఉద్యానవనం ఉంది. వాస్తుశిల్పి డేనియల్ బర్నమ్ తదితరులు 1903లో ఇచ్చిన 'గ్రూప్ ప్లాన్' అనే ప్రణాళిక ప్రకారం, విశాలమైన పచ్చిక చుట్టూ ప్రభుత్వ భవనాలు వచ్చాయి. సరస్సు ఒడ్డున కట్టాలనుకున్న రైల్వే స్టేషన్ మాత్రం అక్కడ రాలేదు. చూడదగ్గదే గానీ ఏప్రిల్‌లో ఈరీ సరస్సు గాలి కోతపెడుతుంది; అరగంట చాలు.

వెస్ట్ సైడ్ మార్కెట్‌కు మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించాలి. 1912లో, జాన్సన్ శిష్యుడు న్యూటన్ బేకర్ మేయర్‌గా ఉన్న ఏడాది, తెరుచుకున్న ఈ నగర సొంత మార్కెట్‌కు జాన్సన్ కాలంలోనే పునాది ఆలోచన పడింది. ఎత్తైన పలకల కప్పు కింద మాంసం, చీజ్, రొట్టెల దుకాణాలు వరుసలు తీరి ఉంటాయి. కూరగాయలు పక్క వసారాలో. శాకాహారులమైన మాకు బంగాళాదుంప కూరిన పియెరోగీలు (కజ్జికాయల ఆకారంలో ఉండే పోలండ్ వంటకం), తాజా రొట్టె దొరికాయి. మంగళ, గురువారాల్లో మూసి ఉంటుంది కాబట్టి రోజు చూసుకుని వెళ్లాలి. రెడ్ లైన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు.

ఒక కొరత చెప్పాలి. యూక్లిడ్ అవెన్యూలో ఆయన నివసించిన భవనం ఇప్పుడు లేదు. అక్కడికి వెళ్లి వెతకడం కంటే, ఆ సమయాన్ని యూనివర్సిటీ సర్కిల్‌లోని చరిత్ర మ్యూజియానికి ఇవ్వడం మేలు. అదే వీధిలో నడిచే హెల్త్‌లైన్ బస్సు సౌకర్యంగా ఉంది.

తిరుగు ప్రయాణం న్యూయార్క్ మీదుగా కావడంతో బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానవాటికకూ వెళ్లాము. ప్రవేశ రుసుము లేదు. స్థలం కొండలతో విశాలంగా ఉంటుంది, నడవలేని పెద్దలు వెంట ఉంటే వారి సంగతి ముందుగానే ఆలోచించుకోవాలి. 1911 ఏప్రిల్‌లో మరణించిన జాన్సన్‌ను, తన ఆలోచనను మలిచిన హెన్రీ జార్జ్ సమాధికి దగ్గరలోనే అక్కడ ఖననం చేశారు. క్లీవ్‌లాండ్‌లో కొన్న పూలలో మిగిలిన రెండింటిని నా భార్య ఆ ఇద్దరి సమాధుల దగ్గర ఉంచింది.