హనుమకొండలో ఒక విదేశీ విద్యా కన్సల్టెన్సీ: ఫైలు పనికి సరే, సీటు ఎంపికకు వద్దు

మా బిడ్డ ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ పూర్తి చేసి, పై చదువు కోసం అమెరికాలోని నాలుగు విశ్వవిద్యాలయాలకూ జర్మనీలోని ఒకదానికీ దరఖాస్తు చేసింది; ఇంటి దగ్గరి దారి కూడా మూసుకోవద్దని, ఇక్కడి ఎంటెక్ ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్ష రాసింది. ఈ పనంతటికీ హనుమకొండలోని ఒక కన్సల్టెన్సీని ఆశ్రయించి, పది నెలలు వారితో వ్యవహరించిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో ఫిర్యాదులున్నాయి కనుక సంస్థ పేరు చెప్పడం లేదు.

ముందుగా వారికి దక్కవలసిన మెప్పు. కాగితాల పనిలో వారిని వేలెత్తి చూపడానికి లేదు. ట్రాన్స్‌క్రిప్టులు (కళాశాల ఇచ్చే మార్కుల పత్రాలు) ఎన్ని ప్రతులు కావాలో, ఏ కవరు మీద ఎవరి ముద్ర ఉండాలో ముందే రాసి ఇచ్చారు. జర్మనీకి వెళ్లే మన విద్యార్థులకు 2022 నవంబరు నుంచి తప్పనిసరి అయిన ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని ఇచ్చే ధ్రువీకరణ) ఫైలు ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఎస్ఓపీని (ఈ చదువు ఎందుకు కావాలో విద్యార్థి రాసే వివరణ పత్రాన్ని) వారు రాసిపెట్టలేదు. మా బిడ్డ రాసినదాన్ని మూడుసార్లు చదివి, అతిశయోక్తులున్న చోటల్లా ఎర్ర సిరాతో గీతలు పెట్టారు. డబ్బు తీసుకుని ఎస్ఓపీలు అచ్చుపోసి ఇచ్చేవారున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు.

చిక్కంతా మార్చిలో, రెండు ఆఫర్లు చేతికి వచ్చిన తరువాత మొదలైంది. ఒకటి తూర్పు తీరంలోని పెద్ద నగరంలో ఉన్న ప్రైవేటు విశ్వవిద్యాలయం: మొత్తం ట్యూషను 49,500 డాలర్లు, అందులో 8,000 డాలర్ల స్కాలర్‌షిప్, థీసిస్ (పరిశోధన గ్రంథం) లేని కోర్సు. రెండవది ఒక చిన్న పట్టణంలోని రాష్ట్ర విశ్వవిద్యాలయం: థీసిస్ ఉన్న కోర్సు, మొదటి ఏడాది ట్యూషను మాఫీ, ఒక ప్రొఫెసరు ప్రయోగశాలలో రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ (పరిశోధనలో సాయపడినందుకు జీతం), తొమ్మిది నెలల పాటు నెలకు 1,900 డాలర్లు. రెండో ఏడాది ఆ అసిస్టెంట్‌షిప్ కొనసాగడం ప్రొఫెసరుకు వచ్చే ప్రాజెక్టు నిధుల మీద ఆధారపడి ఉంటుందని ఉత్తరంలోనే స్పష్టంగా రాశారు.

కౌన్సెలరు ఒక పట్టిక తీసి మా ముందు పెట్టారు. ర్యాంకు, నగరం, ఉద్యోగావకాశాలు అనే మూడు గడుల్లో ప్రైవేటు విశ్వవిద్యాలయానికి నక్షత్రాలు నిండుగా ఉన్నాయి. ఖర్చు గడిలో రూపాయల లెక్కను పాత మారకపు రేటుతో వేశారు. థీసిస్‌కూ అసిస్టెంట్‌షిప్‌కూ ఆ పట్టికలో గడే లేదు. "అంకుల్, ఏప్రిల్ 15 దాటితే సీటు పోతది, ఈ వారంలోనే డిపాజిట్ కట్టేయండి" అని తొందరపెట్టారు. ఆ రాత్రి ఇంటికి వచ్చి నేనూ మా బిడ్డా ఆ తేదీ సంగతేమిటో చదివి చూశాము. ఏప్రిల్ 15 అన్నది అమెరికాలోని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానంలోని తేదీ. దాని మీద సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు ఆర్థిక సహాయంతో కూడిన ఆఫరు ఇచ్చినప్పుడు, ఆ తేదీకి ముందే జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయరాదు. అంటే అది విద్యార్థికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వడానికి పెట్టిన గడువే గాని, డిపాజిట్ వసూలుకు పెట్టిన గడువు కాదు. ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉత్తరంలో డిపాజిట్‌కు రాసిన గడువు మే నెలలో ఉన్నది!

ఈ తొందర ఎందుకో తరువాత అర్థమైంది. వారి జాబితాలోని విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు సేవ ఉచితం. జాబితా బయటివైతే ఒక్కోదానికి 6,000 రూపాయలు తీసుకుంటారు. ఉచితమైనవి ఎందుకు ఉచితమో మొదటి రోజే అడగవలసింది, అడగకపోవడం నా పొరపాటు. విద్యార్థి చేరితే విశ్వవిద్యాలయం నుంచి కన్సల్టెన్సీకి కమిషను ముడుతుంది. విద్యార్థిని చేర్పించినందుకు తలకింత చొప్పున చెల్లించడాన్ని అమెరికా చట్టం స్వదేశీ విద్యార్థుల విషయంలో నిషేధించింది గాని, విదేశాల్లో నివసించే విదేశీ విద్యార్థులకు మినహాయింపు ఇచ్చింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా దిగులు లేదంటారు. ఇక్కడ వడ్డించేవాడు ఎవరివాడో మాకు ఎవరూ చెప్పలేదు. నేరుగా అడిగితే మాత్రం మేనేజరు దాచకుండా ఒప్పుకున్నారు, ఆ మేరకు మర్యాదస్థులే.

"రెండో ఏడు గ్యారంటీ లేదు కదా" అన్నది వారి ప్రధాన వాదన. అందులో నిజముంది, అందుకే అధమపక్షం లెక్క వేసుకున్నాము. రెండో ఏడాది అసిస్టెంట్‌షిప్ పూర్తిగా పోయినా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కట్టవలసిన ట్యూషను 24,000 డాలర్లు. ప్రైవేటులో స్కాలర్‌షిప్ పోను 41,500. పట్టణంలో అద్దె కూడా నగరంలో దానికి సగమే. పైగా విద్యా రుణానికి చదువు కాలం, ఆపై ఒక సంవత్సరం వరకు వాయిదాలు కట్టనవసరం లేకపోయినా, వడ్డీ మొదటి విడత విడుదలైన నాటి నుంచే నడుస్తుంది. మేము అడిగేదాకా ఈ మాట కౌన్సెలరు గాని, వారు పరిచయం చేసిన రుణ ఏజెంటు గాని ఎత్తలేదు.

అయినా నిర్ణయం అంత తేలికగా కాలేదు. నగరంలో కంపెనీలు దగ్గర, పరిచయాలు తొందరగా కలుస్తాయి అన్న ఆలోచన మా బిడ్డను పది రోజులు పీడించింది. ఆ ప్రయోగశాలలో చదువుతున్న ఇద్దరు విద్యార్థులకు తానే ఈమెయిలు రాసి, ప్రొఫెసరు ఎంత తరచుగా కలుస్తారు, గత బ్యాచ్ వారికి రెండో ఏడు డబ్బు వచ్చిందా, ఇంటర్న్‌షిప్‌కు వెళ్లనిస్తారా అని అడిగింది. ఇద్దరూ జవాబిచ్చారు. ఒకరు వచ్చిందన్నారు, ఒకరు సగమే వచ్చిందన్నారు. ఆ రెండు ఉత్తరాలు మాకు పట్టిక కన్నా ఎక్కువ చెప్పాయి. చదువయ్యాక అమెరికాలో ఉద్యోగం చేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి పన్నెండు నెలలైతే, దానిపై 24 నెలల పొడిగింపు దొరకడం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ముద్రించే సీఐపీ కోడ్ (కోర్సు వర్గీకరణ సంఖ్య) స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు చోట్లా ఉన్నదని నిర్ధారించుకున్నాము. ఈ పని కన్సల్టెన్సీ చేయవలసింది.

జర్మనీ ఫలితం అప్పటికి రాలేదు. వచ్చి ఉంటే అక్కడ ట్యూషను లేదు గాని, బ్లాక్డ్ ఖాతాలో (జీవన వ్యయానికి ముందే జమ చేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతా) 11,904 యూరోలు చూపవలసి ఉండేది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఎంటెక్‌లో నెలకు 12,400 రూపాయల స్టైపెండు ఉంది కనుక, ఆ తలుపు ఇప్పుడే మూసుకోదు. 1959లో మొదలైన మన వరంగల్ నిట్‌ను ఊళ్లోనే పెట్టుకుని, ఇన్ని నెలల్లో ఒక్కసారైనా ఎంటెక్ అన్న మాట ఆ కార్యాలయంలో వినిపించకపోవడం నాకు వింతగానే తోచింది. ఒకనాడు మా పక్కన కూర్చున్న రైతు కుటుంబానికి, ఐదు లక్షల లోపు ఆదాయం ఉన్న బీసీ విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే 20 లక్షల విదేశీ విద్యానిధి సంగతి నేనే చెప్పవలసి వచ్చింది.

చివరికి మా బిడ్డ రాష్ట్ర విశ్వవిద్యాలయానికే ఏప్రిల్ 12న అంగీకారం పంపింది. ఆ తరువాత కన్సల్టెన్సీ వారు ముఖం మాడ్చుకోకుండా డీఎస్-160 వీసా దరఖాస్తు నింపించారు, 350 డాలర్ల సివిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) రుసుమూ 185 డాలర్ల వీసా రుసుమూ కట్టించారు, నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఇంటర్వ్యూకు ముందు రెండుసార్లు మాదిరి ప్రశ్నలు అడిగి సిద్ధం చేశారు. అందుకే ఐదుకు మూడు ఇస్తున్నాను. వెళ్లేవారు ఉచిత జాబితాను మొదటి రోజే కాగితం మీద రాయించుకుని, ఆఫరు లెటరు వచ్చాక అందులోని గడువును స్వయంగా చదువుకోండి. ఆదివారం రద్దీ ఎక్కువ. మంగళవారం సాయంత్రం వెళ్తే మేనేజరే తీరిగ్గా మాట్లాడతారు.