పార్కర్ జాటర్: పేరు సరే, రాత ఎలా ఉంది?

పార్కర్ పెన్నుల్లో ఏది కొనాలి అని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఒక్కటే, జాటర్ బాల్‌పెన్. పూర్తి స్టీల్ బాడీది దొరికితే అది తీసుకోండి, లేదంటే కింద ప్లాస్టిక్, పైన స్టీల్ ఉన్న మామూలు జాటర్ అయినా చాలు. నేను రాజమండ్రి దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్తాను. పేపర్లు దిద్దడం, రిజిస్టర్లు నింపడం, పిల్లల నోట్సుల్లో తప్పులు సరిచేయడం అన్నీ చేత్తో చేసే పనులే కాబట్టి పెన్ను నాకు పనిముట్టు కిందే లెక్క, అందుకే బాక్సు ఎలా ఉంది, గిఫ్ట్ ప్యాకింగ్ ఎలా ఉంది లాంటివి ఈ రివ్యూలో పెద్దగా ఉండవు.

జాటర్ చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. సన్నటి గొట్టం, పైన బటన్, పక్కన బాణం క్లిప్. ఆ బాణం 1933 నుంచీ పార్కర్ పెన్నుల మీద వస్తున్నదే. అసలు గొప్పతనం లోపల ఉంది. బటన్ నొక్కిన ప్రతిసారీ రీఫిల్ బయటికి రావడమే కాకుండా కొంచెం పక్కకి తిరుగుతుంది కూడా. రీఫిల్ తీసి పైభాగం చూడండి, చిన్న చిన్న పళ్ళలాగా గాట్లుంటాయి, అవి ఉన్నది అందుకే. మనం పెన్నుని ఎప్పుడూ ఒకే వాలులో పట్టుకుంటాం కదా, రీఫిల్ కదలకుండా ఉంటే ములుకు ఒకే వైపు అరిగిపోయి గీతలు తెగుతూ వస్తాయి, తిరుగుతూ ఉంటే అరుగుదల అన్ని వైపులా సమానంగా పడుతుంది. 1954లో జాటర్ మొదటిసారి వచ్చినప్పుడే ఈ ఏర్పాటుతో వచ్చింది. 1957లో ములుకు దగ్గర బంతిని టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేయడం మొదలుపెట్టారు, కాగితం మీద జారిపోకుండా పట్టు దొరికేలా. ఇంత ఆలోచన పెట్టి చేసిన వస్తువు ఇప్పటికీ వందల్లోనే దొరుకుతోందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది.

ఇంకో పెద్ద లాభం రీఫిల్ సైజు. జాటర్ కోసం చేసిన ఆ సైజే తర్వాత అంతర్జాతీయ ప్రమాణం అయింది, దాన్ని జి2 అంటారు. అంటే పార్కర్ రీఫిల్ ఖరీదు అనిపిస్తే అదే సైజులో వేరే కంపెనీలు చేసేవి కూడా ఇందులో చక్కగా కూర్చుంటాయి, బాల్‌పెన్ ఇంకు ఇష్టం లేనివాళ్ళు జెల్ రీఫిల్ వేసుకోవచ్చు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. షాపుల్లో పైలట్ జి2 అని ఒక జెల్ పెన్ దొరుకుతుంది, దాని రీఫిల్ జాటర్‌లో పట్టదు. రెండిటి మీదా జి2 అనే ఉంటుంది గానీ ఒకదానికొకటి సంబంధం లేదు. షాపులో అడిగేటప్పుడు పార్కర్ సైజు రీఫిల్ అని అడగండి, సరైనది ఇస్తారు.

తెలుగు ఎక్కువగా రాసేవాళ్ళు మాత్రం మీడియం వద్దు, ఫైన్ రీఫిల్ తీసుకోండి. ఇది రివ్యూల్లో ఎవరూ చెప్పరు, ఎందుకంటే రివ్యూలు రాసేవాళ్ళు ఎక్కువమంది ఇంగ్లీషు రాసి చూస్తారు. మన అక్షరం కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు, పైన గుడి, ఇవన్నీ ఒకే వరుస గీతల మధ్య పట్టాలి. రాష్ట్రం, స్త్రీ, సంస్కృతి లాంటి మాటలు మీడియం ములుకుతో సింగిల్ రూల్ నోటుబుక్కులో రాసి చూడండి, కింద ఒత్తులు మూసుకుపోయి మచ్చల్లా కనిపిస్తాయి. ఫైన్‌తో రాస్తే ప్రతి మలుపూ విడిగా తెలుస్తుంది. పరీక్ష రాసే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు, పేపరు దిద్దేవాడిగా చెప్తున్నా, అక్షరం విడిగా కనిపించే పేపరు దిద్దడం హాయిగా ఉంటుంది.

జాటర్ అందరికీ సరిపోతుందని కూడా అనను. బాడీ సన్నం. వేళ్ళు లావుగా ఉన్నవాళ్ళకి, రబ్బరు గ్రిప్ అలవాటైనవాళ్ళకి మూడు గంటల పరీక్ష అంతా ఇది పట్టుకోవడం కష్టం కావచ్చు. మే నెల ఎండల్లో చెమట పట్టిన చేతికి స్టీల్ కొంచెం జారుతుంది, అలాంటివాళ్ళు కింద ప్లాస్టిక్ ఉన్న రకం చూసుకోవడం మంచిది.

ఇక పేరు సంగతి. మా క్లాసులో ఒక పిల్లాడు నా జేబులో పెన్ను చూసి "మాస్టారూ, సూర్యుడి దగ్గరికి పోయిన రాకెట్టు ఈ కంపెనీ వాళ్ళదేనా?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న అది. పార్కర్ అనేది ఇంగ్లీషువాళ్ళలో బాగా వాడుకలో ఉన్న ఇంటిపేరు, అందుకని ఒకరికొకరు ఏమీ కాని మనుషులు, ఊళ్ళు, వస్తువులు ఎన్నో ఆ పేరుతో ఉన్నాయి. పిల్లలకి స్పైడర్‌మ్యాన్ కథల్లోని పీటర్ పార్కర్ తెలుసు, సంగీతం వినేవాళ్ళకి జాజ్ శాక్సొఫోన్ వాయించిన చార్లీ పార్కర్ తెలుసు, అమెరికాలో కొలరాడో నది మీద పార్కర్ డ్యామ్ ఉంది, అరిజోనాలో పార్కర్ అనే ఊరే ఉంది.

పిల్లాడు అడిగింది పార్కర్ సోలార్ ప్రోబ్ గురించి. దానికా పేరు యూజీన్ పార్కర్ అనే శాస్త్రవేత్త వల్ల వచ్చింది. సూర్యుడి నుంచి కణాలు ధారగా ఎప్పుడూ బయటికి వీస్తూ ఉంటాయని, అంటే సౌరపవనం ఉందని, 1958లో ఆయన ఒక శాస్త్ర పత్రికకి వ్యాసం రాస్తే పరిశీలించిన పెద్దలు ఒప్పుకోలేదు. ఆ పత్రికకి అప్పుడు సంపాదకుడు మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. లెక్కలో తప్పు లేనప్పుడు ఆపడం సరికాదని వ్యాసాన్ని అచ్చు వేయించాడు. తర్వాత కొన్నేళ్ళకే అంతరిక్ష నౌకలు కొలిచి చూస్తే ఆయన చెప్పిందే నిజమైంది. 2018 ఆగస్టు 12న నాసా ఆ నౌకని పంపినప్పుడు ఆయన ఇంకా బతికే ఉన్నాడు, బతికున్న మనిషి పేరు నాసా ఒక నౌకకి పెట్టడం అదే మొదటిసారి. 2024 డిసెంబర్ 24న అది సూర్యుడి ఉపరితలానికి దాదాపు 61 లక్షల కిలోమీటర్ల దగ్గరికి వెళ్ళింది. పెన్ను కంపెనీకి ఇందులో ఏ సంబంధమూ లేదు, కానీ ఆ ప్రశ్న పుణ్యమా అని క్లాసులో సౌరపవనం గురించి మాట్లాడుకున్నాం.

నాకు అన్నిటికంటే నచ్చిన పార్కర్ మాత్రం ఎలీ పార్కర్. సెనెకా తెగకి చెందిన మూలవాసి అమెరికన్. న్యాయశాస్త్రం చదివినా పౌరసత్వం లేదన్న కారణంగా ఆయన్ని లాయరుగా చేరనివ్వలేదు, అప్పుడు ఇంజనీరయ్యాడు, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని జనరల్ గ్రాంట్‌కి కార్యదర్శి అయ్యాడు. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని రాబర్ట్ లీ లొంగిపోయినప్పుడు గ్రాంట్ పెన్సిల్‌తో రాసిన షరతుల్ని సిరాతో శుద్ధప్రతి ఎత్తి రాసింది ఈయనే. ముందు ఇంకో అధికారికి ఆ పని ఇస్తే కంగారులో కుదరక కాగితం ఎలీ చేతికి వచ్చింది. లాయరుగా పనికిరావన్న దేశంలోనే అంతటి పత్రం ఆయన దస్తూరీలో ఉంది. చేతిరాత మీద బతికే మనిషిని కాబట్టి ఈ కథ నా మనసులోంచి పోదు.

అప్పటికి పార్కర్ పెన్ను కంపెనీ లేదు. జార్జ్ పార్కర్ దాన్ని పెట్టింది 1888లో, విస్కాన్సిన్ రాష్ట్రం జేన్స్‌విల్‌లో. ఈయన టెలిగ్రాఫ్ నేర్పే మాస్టారు. జీతం చాలక వేరే కంపెనీ పెన్నులు తన విద్యార్థులకే అమ్మేవాడు, అవి కారుతుంటే తీసుకొచ్చి ఈయన ముందే పెట్టేవాళ్ళు, బాగుచేసీ చేసీ చివరికి కారని పెన్ను తానే చేయాలనుకున్నాడు. 1894లో వచ్చిన లక్కీ కర్వ్ అనే పాళీ కింది భాగం దాని ఫలితమే, పెన్ను జేబులో నిలబడి ఉన్నప్పుడు మిగిలిన సిరా వెనక్కి ట్యాంకులోకి జారిపోయేలా వంపు తిప్పాడు. తర్వాత పెన్నులు ఎక్కువగా నల్లగా ఉన్న రోజుల్లో 1921లో ఎర్రటి నారింజ రంగులో డ్యుయోఫోల్డ్ తెచ్చారు. 1941లో పార్కర్ 51. 1945 మే 7న ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో జర్మనీ లొంగుబాటు సంతకాలయ్యాక మిత్రరాజ్యాల సేనాని ఐసెన్‌హోవర్ రెండు పెన్నుల్ని వి ఆకారంలో పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగాడు, అవి పార్కర్‌లే. ఒక యుద్ధం ముగింపు ఒక పార్కర్ దస్తూరీలో, ఇంకో యుద్ధం ముగింపు ఇంకో పార్కర్ పేరున్న పెన్నుతో.

పార్కర్ 51 ఎలా ఉంటుందో మీకు తెలియకపోయినా మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది, ఎందుకంటే మన ఊళ్ళలో హీరో పెన్ను అని గొప్పగా చూసుకున్న చైనా పెన్ను ఉంది చూశారా, పాళీ కొస మాత్రమే బయటికి కనిపించేది, అది 51ని చూసి చేసిన నమూనాయే. పాళీని అలా కప్పేయడం వల్ల గాలి తగలక సిరా కొసలో ఎండిపోయేది కాదు.

పేరు చూసి మాత్రమే కొంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తక్కువ ధరకి ఉందని ఒక జాటర్ తెప్పించాను. క్లిప్ మీద బాణం ఈకలు మొద్దుగా, అచ్చు పోతపోసినట్టు ఉన్నాయి, అసలుదాని మీద గీతలు పదునుగా విడివిడిగా తెలుస్తాయి. బటన్ నొక్కితే రీఫిల్ తిరగడం లేదు. మంచి రీఫిల్ తెచ్చి వేస్తే ములుకు బయటికి సరిగ్గా రాలేదు. ఫిర్యాదు చేస్తే జవాబు లేదు, డబ్బు పోయింది. అప్పటి నుంచి చేత్తో పట్టుకుని చూడకుండా పెన్ను కొనడం మానేశాను. యూరప్‌లో తయారైనవి కొనేవాళ్ళకి ఇంకో ఆధారం ఉంది. వాటి మీద ఒక అక్షరం, పక్కన నిలువు గీతలు చెక్కి ఉంటాయి. క్వాలిటీ పెన్ అనే ఇంగ్లీషు మాటల్లోని పది అక్షరాలకి వరుసగా 0 నుంచి 9 వరకు అంకెలు, అంటే క్యూ ఉంటే సంవత్సరం చివరి అంకె 0, టి ఉంటే 5, ఎన్ ఉంటే 9. మూడు గీతలుంటే ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో చేసింది, రెండుంటే తర్వాతి మూడు నెలలు, ఒకటుంటే ఆ తర్వాతవి, గీతే లేకపోతే చివరి మూడు నెలలు. మన దేశంలో 1996 నుంచి లక్సర్ ద్వారా వచ్చిన పెన్నుల్లో ఈ గుర్తు లేనివీ ఉంటాయి, కాబట్టి లేనంత మాత్రాన దొంగ సరుకు అనుకోవద్దు, బటన్, రీఫిల్, క్లిప్ చూసి తేల్చుకోండి.

పార్కర్‌లోనే ఇంకో రకం, వెక్టర్ గురించి రెండు ముక్కలు. తేలికగా ఉంటుంది, ధర తక్కువ, క్యాప్ పెట్టే పద్ధతి ఇష్టమైనవాళ్ళకి బాగుంటుంది. నాకు జాటర్ ముందు అది ఆనదు, అంతే. సిరా పెన్ను కావాలనుకునేవాళ్ళకి మాత్రం నా సలహా వేరు. ఆ డబ్బుతో మా రాజమండ్రి వచ్చి రత్నం పెన్ను చూడండి. గాంధీగారి స్వదేశీ పిలుపు విని కె.వి. రత్నంగారు 1930లలో చేసిన పెన్ను అది, అదీ మనిషి పేరు మీదే నడుస్తున్న పెన్ను, చేత్తో తయారు చేస్తారు, పాళీ మీ చేతివాటానికి సరిపోయేలా అక్కడే సరిచేయించుకోవచ్చు. హైదరాబాద్ వాళ్ళకి అబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ ఉంది, పార్కర్‌లు రకరకాలు పక్కపక్కన పెట్టి రాసి చూసుకునే వీలున్న చోటు.

రిటైర్‌మెంట్‌కి, పదోతరగతి పాసైనందుకు పార్కర్ ఇవ్వడం మన దగ్గర ఆనవాయితీ. ఇవ్వండి, మంచిదే, కానీ బాక్సులో ఉన్న రీఫిల్‌తో వదిలేయకుండా ఇంకో ఫైన్ నీలం రీఫిల్ కొని అందులో పెట్టి ఇవ్వండి, చాలా పెన్నులు మొదటి రీఫిల్ అయిపోగానే బీరువాలోకి వెళ్ళిపోతున్నాయి. పరీక్ష కోసం పిల్లలకి కొంటుంటే కనీసం నెల ముందు కొనివ్వండి, హాల్ టికెట్ వచ్చిన రోజు కొత్త పెన్ను చేతిలో పెట్టకండి.