ఫ్యామిలీ ట్రీ చేసిస్తామనేవాళ్ళకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. పేరు రాయను గానీ ఎవరో మీకు తెలుసు, జర్మన్ పూర్వీకుల స్పెషలిస్ట్‌నని పెట్టుకుని అన్నీ ఐదు స్టార్లే ఉండే ఆ మహానుభావుడే. మనలో అమెరికన్ ఇళ్ళకి కోడళ్ళుగా వెళ్ళినవాళ్ళు ఇద్దరు ముగ్గురు బావుందంటేనే నేనూ ఇచ్చా.

మా మామగారికి ఎనభై నిండాయి. వాళ్ళది నెబ్రాస్కాలో స్కాట్స్‌బ్లఫ్ వైపు, షుగర్ బీట్ పండించిన కుటుంబం. జర్మన్లే గానీ నేరుగా జర్మనీ నుంచి రాలేదు. 1763లో రష్యా రాణి కేథరిన్ భూమి ఇస్తా, సైన్యంలోకి పిలవనంటే వోల్గా ఒడ్డుకి పోయారు, వందేళ్ళు దాటాక 1874లో మగపిల్లల్ని పట్టాళంలోకి లాగడం మొదలయ్యేసరికి అలాంటి కుటుంబాలు చాలా మళ్ళీ మూటలు కట్టుకుని ఇటొచ్చాయి. ఇదంతా ఇంట్లో అందరికీ తెలిసిందే, ఆయనకీ రాసి పంపా. నాక్కావాల్సింది వోల్గా మీద ఏ ఊరు, ఏ ఓడ, అంతే. 450 డాలర్లు, ముందే మొత్తం కట్టేశా.

పీడీఎఫ్ వచ్చింది. చదవలేదు. అవును, చదవలేదు, తిట్టండి. పుట్టినరోజు హడావుడిలో నేరుగా ప్రింటుకిచ్చి ఫ్రేమ్ కట్టించా. పైన బంగారు రంగులో సింహం, కత్తి, వంశచిహ్నమట! బీట్ దుంపలు తవ్వుకున్నవాళ్ళకి సింహమేంటి అని అప్పుడైనా అనుకోవాలి కదా, నా బుద్ధి గడ్డి తింది.

భోజనాలయ్యాక మామగారు కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో పేరు మీద వేలు జరుపుకుంటూ కిందిదాకా వచ్చి, మళ్ళీ పైకెళ్ళి, మెల్లగా అడిగారు: "మా నాన్నమ్మ పుట్టింది సరాటోవ్ దగ్గర కదా, అదెక్కడ?" ఎక్కడా లేదు. రష్యానే లేదు. వందేళ్ళకి పైగా బతుకు మొత్తం ఎగిరిపోయి జర్మనీ నుంచి నెబ్రాస్కాకి ఒకటే గీత. అందరూ నన్నే చూస్తున్నారు.

ఆ రాత్రి కూర్చుని చదివితే, 1886లో న్యూయార్క్ దగ్గర వలసవచ్చేవాళ్ళని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో దిగారని రాశాడు. అది తెరిచిందే 1892లో! ఆధారం 1890 సెన్సస్ అట. 1921 అగ్నిప్రమాదం దెబ్బకి ఆ సెన్సస్‌లో దాదాపు ఏమీ మిగల్లేదని గూగుల్‌కి కూడా తెలుసు, ఈయనకి మాత్రం పేజీ నంబర్‌తో సహా దొరికింది.

మర్యాదగానే మెసేజ్ పెట్టా. వచ్చిన జవాబు చూడండి: "మీ సర్‌నేమ్ చూస్తే మీరు ఈ కుటుంబం కాదనిపిస్తోంది. అసలు కుటుంబసభ్యులు ఎవరైనా అడిగితే వివరిస్తాను."

అసలు కుటుంబసభ్యులట! పద్నాలుగేళ్ళుగా ఆ ఇంటి కోడల్ని, అత్తగారి దగ్గర బీరాక్‌లు నేర్చుకుని, ఆ క్యాబేజీ బన్నుల్లో పచ్చిమిర్చి కూడా వేసి మామగారి చేత తినిపించినదాన్ని. డబ్బు కట్టేటప్పుడు అడ్డురాని మా గుంటూరు ఇంటిపేరు తప్పు చూపిస్తే అడ్డొచ్చిందా? రిఫండ్ అడిగితే గడువు 14 రోజులు, అయిపోయింది, థాంక్యూ, స్మైలీ.

ఇంకా మండేదేంటంటే, ఫ్యామిలీసెర్చ్ అని పాత రికార్డులు ఉండే వెబ్‌సైట్‌లో ఉచితంగా అరగంట వెతికితే 1920 సెన్సస్ షీట్ నాకే దొరికింది, మామగారి తాత పేరు, పుట్టింది రష్యా, మాతృభాష జర్మన్, చేతిరాతలో స్పష్టంగా ఉంది. అరగంట!

సరే, ఎవరికైనా ఇచ్చేటట్టయితే సగమే కట్టండి, చెప్పిన ప్రతిదానికీ అసలు కాగితం ఫోటో అడగండి, వచ్చిన రోజే చదవండి. వోల్గా జర్మన్లయితే నెబ్రాస్కాలోని లింకన్‌లో రష్యా నుంచి వచ్చిన జర్మన్ల కోసం ఒక సొసైటీ ఉంది, ముందు అక్కడ అడగండి, నేను ఇప్పుడు అక్కడికే రాస్తున్నా. ఫ్రేమ్ గరాజ్‌లో గోడకి తిప్పి పెట్టాం.