పగడంలోని శైవలానికి ఏది మేలు: పిండి పదార్థమా, నూనె బొట్లా?

పగడం కణాల లోపల కాపురముండే సింబియోడినియేసీ శైవలం ఒక్కొక్కటి మిల్లీమీటరులో దాదాపు నూరోవంతు ఉంటుంది. పగలు ఎండలో తయారుచేసిన గ్లూకోజ్‌లో చాలా భాగం పగడానికి ఇచ్చేస్తుంది. మిగిలింది దాచుకోవడానికి దానికి రెండు దారులున్నాయి: పిండి రేణువులు, నూనె బొట్లు.

నూనె బొట్లు నిండుగా ఉన్న కణాన్ని చూసి పుష్టిగా ఉందనుకుంటారు. నేను ఒప్పుకోను.

లెక్కకు నూనెదే పైచేయి. గ్రాము కొవ్వులో 9 కిలోకేలరీలుంటే పిండిలో 4 మాత్రమే. కానీ దాచిందాన్ని ఎప్పుడు, ఎలాంటి పరిస్థితిలో బయటికి తీయాలో కూడా చూడాలి కదా. చీకటి పడిన కొద్ది నిమిషాలకే పగడం కణజాలంలో ఆక్సిజన్ దాదాపు అడుగంటుతుంది. పిండిని విడగొట్టి ఆక్సిజన్ లేకుండానే ఎంతో కొంత శక్తి రాబట్టుకోవచ్చు. కొవ్వును అలా కరిగించడం కుదరదు, దానికి ఆక్సిజన్ కావాల్సిందే. అందుకే రోజువారీ రాత్రి ఖర్చుకు నా ఓటు పిండికే. ఆ రేణువులు పైరినాయిడ్ (శైవలం కణంలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైము గుమిగూడిన భాగం) చుట్టూ టోపీలా పేరుకుంటాయి, వాడుకోవడానికి ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి.

మరి నూనె ఎప్పుడు మేలు? నత్రజని కరువైనప్పుడు. నత్రజనిని అందించే అమ్మోనియాను పగడం తన ఎంజైములతో పట్టేసుకుంటుంది, లోపలి శైవలానికి మిగిలేది తక్కువ. నత్రజని లేకపోతే ప్రోటీన్లు లేవు, కణ విభజనా లేదు. ఎండ మాత్రం ఆగదు, కిరణజన్య సంయోగక్రియ సాగుతూనే ఉంటుంది. ఆ క్రియలో ఎండ వల్ల వచ్చిపడే ఎలక్ట్రాన్లను ఎక్కడో ఒకచోట ఖర్చు చేయకపోతే కణానికే ప్రమాదం. పిండి తయారీ కంటే కొవ్వు తయారీ వాటిని ఎక్కువగా మింగుతుంది. అంటే బొట్లు ఉబ్బడం చాలాసార్లు ఎదుగుదల ఆగిందని చెప్పే గుర్తు. నీటిలో నత్రజని పెంచితే ఇవే శైవలాలు మళ్లీ విభజన చెందుతాయి.

పగడం వైపు నుంచి చూస్తే తీర్పు మారుతుంది. తైవాన్‌లో యూఫీలియా గ్లాబ్రెసెన్స్ పగడం మీద జరిగిన పరిశోధనలో, శైవలాన్ని మోస్తున్న పగడం కణాల సొంత నూనె బొట్లు సూర్యోదయం నుంచి పెరుగుతూ అస్తమయానికి గరిష్ఠానికి చేరాయి, రాత్రి తగ్గాయి. పగడానికి నూనె రోజూ నడిచే ఖాతా. కాబట్టి బొట్టు ఎవరిదో తేల్చకుండా ఏది మేలో చెప్పలేం.

సూక్ష్మదర్శిని కింద ఇంకో చిక్కుంది. నైల్ రెడ్ రంగు పట్టిస్తే నూనె బంగారు పసుపులో, పత్రహరితం ఎర్రగా మెరుస్తాయి. రంగు లేకుండా చూస్తే యూరిక్ ఆమ్లం స్ఫటికాలు కూడా తళుక్కుమంటూ కంగారు పెడతాయి. అవి నత్రజని దండిగా దొరికినప్పుడు దాచుకున్న నిల్వలు, అంటే నూనెకు పూర్తిగా ఎదురు కబురు. ధ్రువిత కాంతిలో (ఒకే దిశలో కంపించే కాంతిలో) మెరిసినవి స్ఫటికాలని పక్కన పెట్టాకే బొట్లు లెక్కపెట్టాలి. ఆ లెక్క కూడా సంధ్యవేళ ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, పక్కనే పిండిని కూడా కొలుస్తూ తీయాలి.